ఘాటీలో ఎడమ కాలు: ఎంటీ-15, ఎఫ్‌జెడ్-ఎస్ ఎవరికి అమరుతాయి?

ఒడిశాలోని రాయగడలోనో జయపురంలోనో కొత్త బండి చూడ్డానికి వెళ్లిన కుర్రాడు షోరూములో మొదట చేసే పని ఒకటే. సైడ్ స్టాండు మీదున్న బండెక్కి, నిటారుగా లేపి, రెండు కాళ్లూ నేలకి ఆనిస్తాడు. మడమలు పూర్తిగా ఆనితే సరే. ఆనకపోతే వెంట వచ్చిన స్నేహితుడు వంగి చూసి, "మునివేళ్లు అందుతున్నాయి కదరా, అలవాటైపోద్దిలే" అంటాడు. కింద నున్నటి టైల్సు, వెనక ఖాళీ సీటు. అర నిమిషంలో పరీక్ష అయిపోతుంది. ఆ తర్వాత అయిదారేళ్లు ఆ బండి తిరిగేది మాత్రం సుంకి ఘాటీ (కొండదారి) మలుపుల్లో, పొట్టంగి దారిలో, వానలకి తారు అంచులు కోసుకుపోయిన గుణుపురం రోడ్డు మీద.

ఓడీ 10 (కోరాపుట్), ఓడీ 18 (రాయగడ) నంబర్లతో ఈ కొండల్లో తిరిగే నేకెడ్ బైకుల్లో (ఇంజను చుట్టూ తొడుగులు లేనివి), కొనేవాళ్లు రెంటి మధ్య తేల్చుకోలేక ఊగిసలాడే జత ఒకటుంది. రెండూ యమహావే: ఎఫ్‌జెడ్-ఎస్, ఎంటీ-15. ఎఫ్‌జెడ్ పేరు మన దేశంలో 2008 నుంచి ఉంది. ఇప్పుడు చెప్పుకునే మూడో వెర్షన్ 2019 జనవరిలో వచ్చింది. ఎంటీ-15 అదే ఏడాది మార్చిలో వచ్చి, 2022 ఏప్రిల్‌లో రెండో వెర్షన్‌గా మారింది. కాగితం మీద చూస్తే ఇవి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటికీ 17 అంగుళాల చక్రాలే. రెండు చక్రాల మధ్య దూరం ఒకదానికి 1330 మిల్లీమీటర్లు, రెండోదానికి 1325. బరువు ఎఫ్‌జెడ్‌కి 135 కిలోల చుట్టూ, ఎంటీకి 140 కిలోల చుట్టూ. సీటు ఎత్తు ఎఫ్‌జెడ్‌కి 790, ఎంటీకి 810 మిల్లీమీటర్లు. బేరాలన్నీ చివరికి ఈ 20 మిల్లీమీటర్ల మీదికే వస్తాయి. పొట్టివాడైతే ఎఫ్‌జెడ్, పొడుగువాడైతే ఎంటీ అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి.

సీటు ఎత్తంటే, మనిషి ఎక్కకుండా బండి నిటారుగా ఉన్నప్పుడు నేల నుంచి సీటులోని పల్లపు చోటు వరకూ ఉన్న దూరం. మనిషి కూర్చోగానే స్ప్రింగులు దిగుతాయి. 65 కిలోల మనిషికి మెత్తటి సస్పెన్షన్ మీద మూడు సెంటీమీటర్ల దాకా, గట్టిదాని మీద రెండింటి దాకా దిగొచ్చు. ఎఫ్‌జెడ్ వెనక షాక్ (కుదుపు ఆపే స్ప్రింగు) మెత్తన, ఎంటీది బిర్రు. అంటే కూర్చున్నాక వీటి మధ్య తేడా 20 మిల్లీమీటర్ల కంటే కాస్త పెరుగుతుంది. ఈ లెక్కలో ఎఫ్‌జెడ్‌దే పైచేయి.

ఇక సీటు వెడల్పు. కాలు తిన్నగా కిందికి దిగదు, సీటు అంచు చుట్టూ తిరిగి దిగుతుంది. తొడల మధ్య సీటు రెండు సెంటీమీటర్లు వెడల్పయితే ఒక్కో కాలూ దాదాపు ఒక సెంటీమీటరు అదనంగా చాపాలి. నాలుగు సెంటీమీటర్లు వెడల్పయితే రెండు సెంటీమీటర్లు చాపాలి, అంటే ఆ 20 మిల్లీమీటర్లంతా. ఎంటీ సీటు ట్యాంకు దగ్గర బాగా సన్నం. ఎఫ్‌జెడ్ సీటు వెడల్పు, దాని ముందు 13 లీటర్ల ట్యాంకు కూడా ఒళ్లు చేసిన మనిషిలా ఉంటుంది. ఎంటీ ట్యాంకు 10 లీటర్లే. అందుకే ఎంటీ మీద ముందుకు జరిగి కూర్చుంటే 810 అన్న అంకె భయపెట్టినంత ఎత్తు అనిపించదు. ఎఫ్‌జెడ్ మీద 790 అనుకున్నంత పొట్టిగా తోచదు. చాలామందికి షోరూములో కలిగే ఆశ్చర్యానికి కారణం ఇదే.

ఈ గొడవ తేల్చడానికి దర్జీ టేపు చాలు. బండిని ఒకరు నిటారుగా పట్టుకుంటే, ఎడమ పక్క నేల నుంచి టేపుని సీటు మీదుగా కుడి పక్క నేలదాకా, కాళ్లు పోయే దారిలోనే పోనివ్వాలి. వచ్చిన కొలతలో సగాన్ని, చెప్పులతో నిలబడిన మనిషి కాలి లోపలి కొలతతో పోల్చుకోవాలి. బీఎండబ్ల్యూ కంపెనీ తన బళ్ల వివరాల పట్టికల్లో సీటు ఎత్తుతో పాటు ఈ చుట్టుకొలతనీ ఇస్తుంది. మిగతా కంపెనీలు కూడా ఇస్తే కొనేవాళ్లకి ఎంతో మేలు.

మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల దరిదాపు. అంత ఎత్తు మనిషికి కాలి లోపలి కొలత సుమారు 75, 76 సెంటీమీటర్లుంటుంది. చెప్పు మందం కలిపినా 78 దాటదు. చదునైన చోట ఎఫ్‌జెడ్ మీద ఇతనికి రెండు పాదాల ముందు సగం హాయిగా ఆనుతుంది. ఎంటీ మీద వేళ్లూ, వేళ్ల కింది మెత్తా ఆనుతాయి. ఇది చదును నేల మాట. ఇక్కడ చదును నేల ఎక్కడుంది?

సాలూరు నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద పైకి పోతే కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎక్కుడంతా మలుపులే. ముందు లోడు లారీ ఒక మలుపులో ఒగర్చుకుంటూ ఆగిపోయిందనుకుందాం. వెనక వస్తున్న బైకు కూడా ఆగాలి. మన దేశంలో ఎడమ పక్కనే పోతాం గనక బండి తారు అంచు దగ్గర ఉంటుంది. ఎక్కుడు గనక బండి వెనక్కి జారకుండా కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉండాలి. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటే, ఎక్కుడులో బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది గనక, కంకర మీద ముందు చక్రం పట్టు వదిలి వెనక్కి జారొచ్చు. మిగిలింది ఎడమ కాలు. అది దిగేది తారు మీదికి కాదు, తారు పక్కనున్న మట్టి మార్జిన్ మీదికి. వానలు పోయాక ఆ మార్జిన్ తారు కంటే రెండంగుళాలు కిందికుంటుంది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే. 790 మిల్లీమీటర్ల సీటు ఆ క్షణంలో 840 అయిపోతుంది, 810 కాస్తా 860 అవుతుంది. షోరూములో అందిన మునివేళ్లు ఇక్కడ గాలిలో తేలుతాయి. బండి ఒక్క పిసరు ఎడమకి ఒరిగితే 140 కిలోల ఇనుమునీ తన ఒంటినీ ఆపాల్సింది ఆ ఒక్క కాలే. ఆగి ఉన్న బండి పడిపోవడమంటే ఎక్కువగా ఇలాగే పడుతుంది. వేగంలో పడ్డవాడి కథ అందరూ చెప్పుకుంటారు. ఆగి పడ్డవాడు చీలమండ బెణికి, క్లచ్ లీవరు విరిగి, చెప్పుకోకుండా ఇంటికి పోతాడు.

అందుకని ఈ ప్రాంతంలో కొలవాల్సింది రెండు కాళ్లూ కలిపి కాదు, కుడి కాలు బ్రేకు మీద ఉంచి ఎడమ కాలు ఒక్కటే ఎంత దిగుతుందో చూడాలి. నడుము కాస్త ఎడమకి జరిపితే ఆ కాలికి మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తాయి. ఇలా జరగడానికి సన్నటి సీటు చాలా ఉపకారి. ఎంటీ మీద తుంటి సులువుగా అంచుకి జారుతుంది, కాలు తిన్నగా దిగుతుంది. ఎఫ్‌జెడ్ మీద అంచు తొడకి అడ్డుపడుతుంది. ఒంటరిగా వెళ్లే పొట్టి మనిషికి ఎంటీ పనికిరాదనే మాట ఇక్కడ తప్పిపోతుంది. గుణుపురం కాలేజీకి పుస్తకాల సంచీతో ఒక్కడే వెళ్లి వచ్చే 165 సెంటీమీటర్ల విద్యార్థికి ఈ రెంటిలో ఏదైనా కుదురుతుంది, ఎడమ కాలు దించడం నేర్చుకుంటే.

ఒక్కడే వెళ్లే రోజులు ఎన్నుంటాయన్నదే అసలు ప్రశ్న. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకి చుట్టరికాలన్నీ కొండ దిగితేనే. సాలూరులో అత్తవారు, పార్వతీపురంలో పిన్ని, పర్లాకిమిడి వాళ్లకయితే పొలిమేర దాటగానే పాతపట్నం. పెళ్లికైనా, పురిటికైనా, విజయనగరంలో డాక్టరు దగ్గరికైనా బైకు మీద ఇద్దరు. రాయగడ మజ్జి గౌరమ్మ గుడికి వెళ్లినా ఇద్దరే. వెనక కూర్చున్నావిడ చీర కట్టుకుని, రెండు కాళ్లూ ఎడమవైపు వేసుకుని, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంటుంది. బండి అమరికని అసలు పరీక్షించేది ఈ ప్రయాణం.

లెక్క వేసి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఒకవైపు కూర్చున్న 55 కిలోల మనిషి బరువు బండి మధ్యగీత నుంచి ఒక పది పన్నెండు సెంటీమీటర్లు ఎడమకి ఉంటుంది. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 260 కిలోలనుకుంటే, మొత్తం బరువు కేంద్రం రెండున్నర సెంటీమీటర్ల దాకా ఎడమకి జరుగుతుంది. కదులుతున్నప్పుడు నడిపేవాడు తనకి తెలియకుండానే కుడికి ఒరిగి దీన్ని సరిచేస్తాడు. గంటసేపు అలా ఒరిగితే నడుముకి ఒక పక్కే నొప్పెందుకు పుడుతుందో చాలామందికి అంతుపట్టదు. ఆగినప్పుడు ఆ సర్దుబాటు ఉండదు. ఆ బరువు ఎటు ఒరుగుతుందో అటే, తారు దిగి మార్జిన్ మీద ఆనిన ఆ ఎడమ కాలి మీదికే చేరుతుంది. తుంటి ఎడమకి జరిపే ఉపాయం కూడా ఇప్పుడు చెల్లదు, వెనకావిడ మోకాళ్లూ చీర కుచ్చెళ్లూ అక్కడే ఉంటాయి.

ఎఫ్‌జెడ్ ఇక్కడ మారుమాట లేకుండా ముందుంటుంది. దాని వెనక సీటు వెడల్పు, నడిపేవాడి సీటు కంటే మరీ ఎత్తున ఉండదు. ఎంటీ వెనక సీటు చిన్నది, ఎత్తున ఉంటుంది, ఒకవైపు కూర్చున్నవాళ్లకి తొడ సగమే ఆనుతుంది. ఎత్తున కూర్చున్న బరువు బండిని ఎక్కువ ఊపుతుంది, గతుకు వచ్చిన ప్రతిసారీ వెనకావిడ చెయ్యి నడిపేవాడి భుజాన్ని గట్టిగా పట్టుకుంటుంది. వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే పిడీ, పాదం పెట్టుకునే చోటూ, చీర చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే గార్డూ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చెబుతుంది. అందానికి అడ్డమని శారీ గార్డు విప్పించేసే కుర్రాళ్లు తమ ఇంటి ఆడవాళ్లని అదే బండి మీద ఎక్కించుకుంటున్నారన్న సంగతి మరిచిపోతారు. అది ఏ బండికైనా ఉండి తీరాలి.

దిగుడు సంగతి వేరు. అక్కడ కష్టం కాళ్లది కాదు, అరచేతులది. 50 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు ముందు మూడు సెకన్లలో 20కి తగ్గించారనుకుందాం. 65 కిలోల ఒళ్లు దాదాపు 20 కిలోల బలంతో ముందుకి తోసుకుపోతుంది. దిగుడు వాలు ఇంకో నాలుగు కిలోలు కలుపుతుంది. వెనకున్న మనిషి ఆనుకుంటే ఆవిడ తాలూకు 20 కిలోలు కూడా వీపు మీదే. ఇదంతా ఆపుకునే దారులు రెండే: మోకాళ్లతో ట్యాంకుని బిగించి పట్టడం, లేదంటే అరచేతులు హ్యాండిల్ మీద మోపడం. అరచేతులు మోపినవాడికి ఘాటీ దిగేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అంతకంటే ముప్పు ఏమిటంటే, బరువు మోసే చెయ్యి హ్యాండిల్‌ని సున్నితంగా తిప్పలేదు.

ట్యాంకుకి మోకాళ్లు ఎలా అమరుతాయన్నది అందుకే సీటు ఎత్తు కంటే పెద్ద విషయం. ఎఫ్‌జెడ్ ట్యాంకుకి రెండు పక్కలా మోకాళ్లు ఇమిడే గుంటలున్నాయి. మధ్యరకం తొడలున్నవాడికి అవి సరిగ్గా కుదురుతాయి. ఎంటీ మీద ఫుట్‌రెస్టులు కాస్త వెనక్కీ పైకీ ఉంటాయి, మోకాలు ఎక్కువ మడుస్తుంది, పిక్కలూ మడమలూ ఫ్రేముని పట్టుకుంటాయి. ఆ పట్టు అలవాటైన ఒంటరి రైడరుకి మలుపుల్లో ఎంటీ చెప్పినట్టు వింటుంది. కానీ దాని సీటు ముందుకి వాలుగా ఉంటుంది గనక పట్టు వదిలిన మరుక్షణం మనిషి ట్యాంకు మీదికి జారతాడు. వెనక ఇంకో మనిషి నెడుతుంటే ఆ జారుడు ఇంకా ఎక్కువ. ఎఫ్‌జెడ్ మీద నిటారుగా, సీటులో కుదురుకుని కూర్చుంటాం. వెడల్పాటి హ్యాండిల్ దగ్గరగా ఉంటుంది, మోచేతులు వంగే ఉంటాయి. వంగిన మోచెయ్యి గతుకుని మింగుతుంది. చాపిన చెయ్యి దాన్ని మెడదాకా పంపుతుంది.

పొడుగువాళ్ల మాట క్లుప్తంగా: 178 సెంటీమీటర్లు దాటినవాళ్లు ఎంటీయే తమ బండి అనుకుంటారు, ఆ 20 మిల్లీమీటర్ల అదనపు సీటు ఎత్తుకే పొంగిపోతారు. వాళ్లని ఇబ్బంది పెట్టేది సీటు నుంచి ఫుట్‌రెస్టుకి ఉన్న దూరం. పొడుగు తొడ ఎంటీ మీద బాగా మడుచుకుపోయి గంటన్నరలో మోకాలి చిప్ప కింద సలుపు మొదలవుతుంది. ఎఫ్‌జెడ్ మీద వెనక్కి జరిగి కూర్చునే చోటుంది. అంటే చెప్పుకునే తీర్పుకి ఇది పూర్తిగా తలకిందులు. మడత ఎక్కువగా ఉండే ఎంటీ నిజానికి పొట్టి తొడలకే నప్పుతుంది. మన దేశంలో సగటు మహిళ ఎత్తు 152 సెంటీమీటర్ల చుట్టూ. ఆ ఎత్తువాళ్లకి రెండు బళ్లూ ఈ ఘాటీల్లో కష్టమే, ఆ మాట దాచి చెప్పడం వాళ్లకి అన్యాయం.

ఎడమ చేతి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎంటీకి అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ ఉంది. లీవరు మెత్తగా వస్తుంది, దిగుడులో గేరు తగ్గించినప్పుడు వెనక చక్రం కుదుపు తినదు. ఇది ఎంటీకి నిఖార్సయిన లాభం. అయితే దాని ఇంజను అసలు లాగుడు 7500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర, ఎఫ్‌జెడ్‌ది 5500 దగ్గరే. ఇద్దరు మనుషులతో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఎంటీకి గేర్లు ఎక్కువసార్లు మార్చాలి. మెత్తటి క్లచ్‌ని ఎక్కువసార్లు పట్టడం, కాస్త గట్టి క్లచ్‌ని తక్కువసార్లు పట్టడం: సాయంత్రానికి చేతి నొప్పి రెంటికీ ఒక్కలాగే ఉంటుంది.

కాలు అందనివాళ్లు మొదట పరుగెత్తేది సీటు కుట్టేవాడి దగ్గరికి. "రెండంగుళాలు కోసెయ్యన్నా" అంటారు. కోస్తే కాలు అందుతుంది, నిజమే. కానీ ఫుట్‌రెస్టులు ఉన్నచోటే ఉంటాయి గనక మోకాలు ఇంకా మడుస్తుంది. ఫోము పల్చనై కింది ప్లాస్టిక్ పలక గతుకుల్లో తుంటి ఎముకకి తగులుతుంది. అడగాల్సింది వేరు: ఎత్తు జోలికి పోకుండా, సీటు ముందు భాగంలో రెండు పక్కలా అంచులు మాత్రం చెక్కమనాలి. ఎఫ్‌జెడ్ వెడల్పాటి సీటు మీద ఈ చిన్న పని చేసే మేలు ఎక్కువ. ఒక్కో పక్క ఒకటిన్నర సెంటీమీటరు తీస్తే దాదాపు అంత కాలూ కిందికి దిగుతుంది, కూర్చునే చోట మెత్తదనం పోదు.

దీనికి ముందు ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి, మెకానిక్కు పది నిమిషాల్లో చేసేస్తాడు. హ్యాండిల్ మీద క్లచ్, బ్రేకు లీవర్ల బిగింపు వదులు చేసి, చెయ్యి చాపితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండేట్టు కిందికి తిప్పి బిగించాలి. వెనక బ్రేకు పెడలు ఎత్తు, కొన్నవాడి చెప్పుకి తగ్గట్టు సర్దించాలి. హవాయి చెప్పులతో నడిపేవాడికీ బూట్లు వేసేవాడికీ ఒకే ఎత్తు పనికిరాదు. వెనక షాక్‌కి బిగింపు మార్చే మెట్లుంటే, ఇద్దరు ఎక్కే రోజున ఒకటి రెండు మెట్లు బిగించాలి. లేకపోతే బండి వెనక కూలబడి, ముందు తేలికై, హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. ఒక్కడే వెళ్లే రోజున మళ్లీ వదులు చేస్తే ఎడమ కాలికి ఆ కాస్తా కలిసొస్తుంది.

మొత్తం మీద ఇంట్లో ఒకే బండి ఉండి, అది అటు సంతకీ ఇటు అత్తారింటికీ పోవాల్సిందైతే ఎఫ్‌జెడ్-ఎస్సే సరైనది, కొనేవాడి ఎత్తు ఎంతైనా. దేవమాలి కొండకి తెల్లవారుజామున ఒక్కడే వెళ్లొచ్చే మనిషికి, మలుపుల్లో బండి తన ఒంట్లో భాగంలా ఉండాలనుకునేవాడికి ఎంటీ-15 ఇచ్చే ఆనందం ఎఫ్‌జెడ్ ఇవ్వలేదు. అలాంటివాడు 162 సెంటీమీటర్లే ఉన్నా వెనకాడక్కర్లేదు.

కొనేముందు టెస్ట్ రైడ్ అడగడం అందరూ చేస్తారు. పక్క వీధి చుట్టి వచ్చేస్తారు. ఇంట్లో తరచూ వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లాలి, చీరయితే చీరతోనే. రోజూ వేసుకునే చెప్పులే వేసుకోవాలి. ఊరు దాటాక తారు అంచు కిందికి దిగిన ఎక్కుడు చూసి ఆగాలి. కుడి కాలు బ్రేకు మీద, ఎడమ కాలు మార్జిన్ మీద, వెనక మనిషి ఎడమవైపు. అలా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలేదాకా ఉండి చూడాలి. తొడ వణకడం మొదలైతే ఆ బండి ఇంకా ఆ మనిషికి అమరలేదు. ఆ తర్వాత వెనక మనిషిని దింపి, ముందు చక్రం పల్లానికి ఉండేట్టు ఆపి, కూర్చునే ఉండి, కాళ్లతో బండిని వెనక్కి నెట్టాలి. మునివేళ్లతో నిలబడిన బండి వెనక్కి రాదు. అప్పుడు దిగి, ఎడమ పక్క నిలబడి, తుంటిని సీటుకి ఆనించి నెట్టి చూడాలి. సంత దగ్గర బళ్ల మధ్య ఇరికించి పెట్టిన బండిని బయటికి తీసేది ఎక్కువగా అలాగే.